మా కాక కూడా ‘అక్రమ’ వలసదారే

పోయిన ఆదివారం పొద్దున్నే మా ఫ్యామిలీ గ్రూప్‌లో ఒక ఫార్వర్డ్ పడింది. కాస్త అటూ ఇటుగా మీకూ వచ్చే ఉంటుంది. ‘దొంగదారిన వచ్చిన విదేశీయులు మన పని తింటున్నరు, మన రేషన్ తింటున్నరు, ఒక్కొక్కన్ని ఏరి పారెయ్యాలె, పది మందికి పంపండి’ అని. దాని కింద మా బావ మూడు జెండాలు పెట్టాడు. మేనత్త రెండు చేతుల దండం పెట్టింది (ఆమె అన్నిటికీ దండమే పెడుతుంది, చావు కబురుకి కూడా). నేనూ అలవాటుగా బొటనవేలు పెట్టబోయి ఆగిపోయాను. పేరు కింద చూస్తే కాక ఆన్‌లైన్‌లో ఉన్నాడు. చాలాసేపు ఉన్నాడు. ఏమీ రాయలేదు. తర్వాత వెళ్లిపోయాడు.

కాక అంటే మా బాపు తమ్ముడు. 2016 నుంచి 2018 దాకా, దాదాపు రెండేళ్లు, ఆయన కువైట్‌లో అక్రమ వలసదారు. అక్కడి పేపర్ల భాషలో ‘నివాస చట్టాన్ని ఉల్లంఘించినవాడు’. మన నిజామాబాద్ భాషలో ఖల్లివల్లి.

ఈ మాట తెలియనివాళ్ల కోసం: అరబ్బీలో ‘పోనీ, వదిలెయ్’ అనే అర్థంలో వాడే మాట ఇది. గల్ఫ్‌కి పోయిన మనవాళ్లు దాన్ని ఇంకో పనికి పెట్టారు. కాగితాలు లేకుండా, కంపెనీ లేకుండా, దొరికిన పని చేసుకుంటూ దాక్కుని బతికేవాడు ఖల్లివల్లి. నిజామాబాద్, కామారెడ్డి, జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ పల్లెల్లో ఈ మాటకు అర్థం చెప్పక్కర్లేదు. ‘వాడెట్లున్నడు?’ అంటే ‘ఖల్లివల్లి అయిండట’ అంటారు, జ్వరమొచ్చిందట అన్నంత మామూలుగా.

మాది బోధన్ పక్క ఊరు. చిన్నప్పుడు శక్కర్‌నగర్ మీదుగా పోతుంటే బెల్లం పాకం వాసన బస్సులోకి వచ్చేది. నిజాం షుగర్ ఫ్యాక్టరీ 1937లో పెట్టింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దది అని మా సార్లు చెప్పేవాళ్లు, మేం అది పరీక్షలో రాసేవాళ్లం. కాక అందులో సీజన్ కార్మికుడు. చెరుకు ఆడే నాలుగైదు నెలలు పని, మిగతా ఏడాది కూలి. 2002లో ఫ్యాక్టరీని ప్రైవేటు చేతికి ఇచ్చారు. చెరుకు తగ్గింది, సీజన్ తగ్గింది, కాక పని తగ్గింది. 2006లో ఆయన దుబాయ్ పోయాడు, కంపెనీ వీసా మీద, అన్ని కాగితాలతో. మూడేళ్లు ఇనుప చువ్వలు కట్టాడు. ప్రపంచమంతా మాంద్యం వచ్చి అక్కడ కట్టడాలు ఆగిపోతే 2009లో ఇంటికొచ్చాడు. అప్పు తీరింది, ఇంటికి స్లాబ్ పడింది. అంటే సక్సెస్ స్టోరీ. నాకు ఆయన తెచ్చిన కాలిక్యులేటర్ బీటెక్ మూడో సంవత్సరం దాకా పనిచేసింది.

తప్పంతా రెండోసారి పోయినప్పుడు జరిగింది.

2014లో ఒక ఏజెంట్ ‘ఆజాద్ వీసా’ ఉందన్నాడు. కువైట్‌కి. లక్షా ముప్పై వేలు. ‘పోయినంక ఎక్కడన్నా పని చేసుకోవచ్చు, ఎవడూ అడగడు’ అన్నాడు. ఒక్క మాట చెప్తాను, వీలైతే మీ ఊళ్లో గోడ మీద రాయండి: ఆజాద్ వీసా అనే వీసా ఏ దేశపు చట్టంలోనూ లేదు. కాకకి వచ్చింది ఇంటి పనివాడి వీసా, అక్కడ ఇరవై నంబర్ వీసా అంటారు. కాగితం మీద కాక ఒక కువైటీ ఇంట్లో పనిచేస్తాడు. నిజానికి ఆ ఇంటి గడప కూడా తొక్కలేదు. ఆ ఇంటాయన, అంటే కఫీల్, తన పేరు మీద వచ్చిన వీసాను అమ్ముకున్నాడు. మధ్యలో ఇద్దరు ముగ్గురు చేతులు మారి అది బోధన్ బస్టాండ్ దాకా వచ్చింది. కాక జలీబ్‌లో ఒక గదిలో పదకొండు మందితో ఉంటూ టైల్స్ పనికి పోయేవాడు. చట్టం ప్రకారం అది మొదటి రోజు నుంచే తప్పు. కానీ బతాకా, అంటే అక్కడి సివిల్ ఐడీ, చేతిలో ఉంది కాబట్టి నడిచింది.

ప్రతి ఏడాది ఇకామా రెన్యువల్‌కి కఫీల్ డబ్బు తీసుకునేవాడు. 2016లో రెట్టింపు అడిగాడు. కాక దగ్గర లేదు. టైల్స్ పని ఇచ్చే మేస్త్రీ రెండు నెలల జీతం ఆపేశాడు. కఫీల్ పోయి ‘నా పనివాడు ఇంట్లోంచి పారిపోయాడు’ అని ఒక కంప్లయింట్ ఇచ్చాడు. అంతే. పక్క మంచం వాళ్లు ఎవరో ఫోన్లో నంబర్ కొట్టి చూసి చెప్పేదాకా కాకకి ఆ సంగతే తెలియదు. నేను సాఫ్ట్‌వేర్ వాణ్ని కాబట్టి నాకు ఇది ఇట్లా అర్థమైంది: ఎక్కడో ఒక టేబుల్‌లో ఒక కాలమ్ విలువ మారింది. మనిషి అదే మనిషి, మంచం అదే, సిమెంట్ సంచి అదే. ఆ రాత్రి నుంచి ఆయన నేరస్థుడు.

ఇక్కడ అందరూ అడిగే ప్రశ్న ఒకటుంది. మరి వచ్చెయ్యొచ్చు కదా? నేనూ అడిగాను, అప్పుడు నాకు పందొమ్మిదేళ్లు, అన్నీ తెలిసిన వయసు. రావాలంటే పాస్‌పోర్ట్ కావాలి. అది కఫీల్ దగ్గర ఉంది. ఎయిర్‌పోర్ట్‌కి పోతే పారిపోయిన కేసు ఉంది కాబట్టి పట్టుకుంటారు. గడువు దాటిన ప్రతి రోజుకీ రెండు దినార్ల జరిమానా. అది పెరిగి పెరిగి ఆరు వందల దినార్ల దాకా పోతుంది, మన లెక్కలో లక్ష పైనే. ఆ లక్ష కట్టడానికి పని చెయ్యాలి. పని చేస్తే దొరుకుతాడు. దొరక్కుండా చెయ్యాలంటే తక్కువ కూలికి చెయ్యాలి. తక్కువ కూలితో జరిమానా తీరదు. ఇక్కడ చిన్నమ్మ నెత్తిన నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చిన అప్పు. ఇప్పుడు చెప్పండి, ఎట్లా వస్తాడు? పైగా 2015 డిసెంబర్‌లో ఫ్యాక్టరీని పూర్తిగా మూసేశారు. వచ్చినా పోవడానికి పని లేదు.

2017లో తాత పోయాడు. కాక రాలేకపోయాడు. గల్ఫ్ ఇళ్లల్లో అప్పుడు అందరూ ఇమో యాప్ వాడేవాళ్లు. పాడె లేపేటప్పుడు ఫోన్ పట్టుకుని నిలబడాల్సిన పని నాకు పడింది, ఇంట్లో మంచి ఫోన్ నాదే కాబట్టి. సిగ్నల్ పోతూ వస్తూ ఉంది. కాక గదిలో లైట్ తీసేసి కూర్చున్నాడు. ఎందుకు చీకట్లో ఉన్నావని అడిగితే ‘బయట చెకింగ్ నడుస్తున్నది’ అన్నాడు. అంటే పోలీసులు బిల్డింగులు తిరుగుతున్నారని. గట్టిగా ఏడిస్తే కిందికి వినబడుతుందని ఆయన నోట్లో తువ్వాల పెట్టుకున్నాడు. నేను చూశాను. బాపుకి చెప్పలేదు.

2018 జనవరి ఆఖర్లో కువైట్ ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించింది. జరిమానా లేకుండా వెళ్లిపోవచ్చు, కావాలంటే మళ్లీ కొత్త వీసా మీద రావచ్చు. మొదట ఫిబ్రవరి దాకా అన్నారు, తర్వాత ఏప్రిల్ 22 దాకా పొడిగించారు. కాక మన ఎంబసీ ముందు రెండు రోజులు లైన్లో నిలబడి ఔట్‌పాస్ తీసుకున్నాడు. పాస్‌పోర్ట్ లేనివాడు ఒక్కసారి ఇంటికి రావడానికి ఇచ్చే కాగితం అది. శంషాబాద్‌లో దిగినప్పుడు ఆయన చేతిలో ఒక ప్లాస్టిక్ కవర్ ఉంది. నాలుగేళ్ల సామాను అందులో పట్టింది.

ఇట్లాంటి క్షమాభిక్షలు గల్ఫ్‌లో మాటిమాటికీ వస్తుంటాయి. 2013లో సౌదీ నితాఖత్ అమలు చేసినప్పుడు వచ్చింది, 2017లో సౌదీలోనే మళ్లీ వచ్చింది, 2018లో, 2024లో యూఏఈలో వచ్చింది, 2024లో కువైట్‌లో ఇంకోసారి వచ్చింది. మాటిమాటికీ వస్తున్నాయంటే మాటిమాటికీ మనుషులు అట్లా తయారవుతున్నారనే కదా. తయారు చేసే మిషన్ ఆగలేదు.

ఆదివారం ఫార్వర్డ్ తర్వాత నేను కాకకి ఫోన్ చేశాను. ఆ మెసేజ్ చూసి బాధపడ్డావా అని నేరుగా అడగలేక, కువైట్ ముచ్చట తీశాను. ఆయన చెప్పింది నేను అనుకున్నట్టు లేదు.

‘బాధ ఎందుకు బిడ్డా. అక్కడ కంపెనీల ఉన్నోళ్లు గూడ మమ్ముల్ని గట్లనే తిట్టెటోళ్లు. వాళ్లకు రోజుకు ఎనిమిది దినార్లు వచ్చే పని మేం అయిదుకు చేస్తుంటిమి. వాళ్ల ఓవర్‌టైం మేం తిన్నం. అది అబద్ధం గాదు.’

ఈ మాట నాకు రెండు రోజులు తిరుగుతూనే ఉంది. అక్రమ వలస గురించి మాట్లాడేటప్పుడు మనలాంటి చదువుకున్నవాళ్లం ఒకటి రెండు రకాలుగా మాట్లాడతాం. ఒకరు ‘వాళ్ల వల్ల నష్టమే లేదు, పాపం పేదవాళ్లు’ అంటారు. ఇంకొకరు ‘వాళ్లే నష్టం’ అంటారు. కాక స్వయంగా అట్లా బతికినవాడు, నష్టం ఉంది అంటున్నాడు. కాగితం లేనివాడు కూలి అడగలేడు, కంప్లయింట్ ఇవ్వలేడు, దెబ్బ తగిలితే ఆస్పత్రికి పోలేడు. కాబట్టి చవక. చవక కాబట్టి వాడికే పని. కాగితం ఉన్నవాడి కూలి కూడా దానితోపాటు దిగుతుంది. ఆ మిగిలిన మూడు దినార్లు కాక జేబులోకి రాలేదు, కంపెనీ వాడి జేబులోకి పోలేదు. మధ్యలో ఉన్న మేస్త్రీ, వాడి పైన ఉన్న కాంట్రాక్టర్ తిన్నారు. కువైట్‌లో ఎవరూ ఆ మేస్త్రీ కోసం బిల్డింగులు వెతకలేదు.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. ఎందుకంటే ఈ కథలో బోధన్‌కి ఇంకో వేషం కూడా ఉంది.

2021 మొదట్లో శంషాబాద్ విమానాశ్రయంలో దుబాయ్ పోబోతున్న కొందరిని ఇమిగ్రేషన్ వాళ్లు ఆపారు. చేతిలో ఉన్నవి భారత పాస్‌పోర్టులు. మనుషులు బంగ్లాదేశీయులు. తీగ లాగితే డొంక బోధన్‌లో కదిలింది. ఆ ఫిబ్రవరిలో పోలీసులు చెప్పిన లెక్క ప్రకారం మొత్తం 72 పాస్‌పోర్టులు, అన్నీ బోధన్ చిరునామాలతో, అవి కూడా వేళ్ల మీద లెక్కపెట్టగల ఇళ్లవి. ఆధార్లు అట్లాగే పుట్టాయి. విచారణ చేసి ‘ఈ మనిషి ఇక్కడే ఉంటాడు’ అని రాయాల్సిన పోలీసు సిబ్బందిలో ఇద్దరు కూడా అరెస్టయ్యారు. 2024 జనవరిలో రాష్ట్ర సీఐడీ మరో నకిలీ పాస్‌పోర్టుల ముఠాను పట్టుకున్నప్పుడు కూడా ఏజెంట్ల జాబితాలో నిజామాబాద్, జగిత్యాల, కరీంనగర్ పేర్లు వచ్చాయి.

ఆ వార్త వచ్చిన రోజు మా ఆఫీసులో లంచ్ టేబుల్ దగ్గర ఒకటే నవ్వు. ‘ఏం బ్రో, మీ ఊళ్లో పాస్‌పోర్టులు కిలోల్లెక్కన అమ్ముతారంట కదా’ అని. నేనూ నవ్వాను. ఆ తర్వాత ఆరు నెలలకి ఆన్‌సైట్ ట్రిప్‌కి పోతుంటే కౌంటర్లో మనిషి నా పాస్‌పోర్ట్‌లో ఊరి పేరు చూసి, పేజీలు రెండోసారి తిప్పి, నా మొహం ఇంకోసారి చూశాడు. అప్పుడు నవ్వు రాలేదు. అక్రమ వలస వల్ల సమాజానికి ఏం నష్టం అంటే నా అనుభవంలో ఇదొకటి: దొంగ కాగితం నిజమైన కాగితం విలువ తగ్గిస్తుంది. బోధన్ చిరునామా మీద నిజంగా పుట్టినవాడు కూడా ఒక్క క్షణం తనని తాను నిరూపించుకోవాల్సి వస్తుంది. అందుకే ఆ 72 పాస్‌పోర్టుల సంగతి చిన్నది అని నేను అనను. మన దేశంలోకి ఎవరు వస్తున్నారో, మన పేరు మీద ఎవరు బయటికి పోతున్నారో తెలుసుకునే హక్కు మనకుంది.

కానీ ఒకటి గమనించారా? వాళ్లు బోధన్ ఎందుకొచ్చారు? మన పని తినడానికి కాదు. మన రేషన్ కోసమూ కాదు. దుబాయ్ పోవడానికి. 2012 నుంచి చాలా ఏళ్లు యూఏఈ బంగ్లాదేశ్ కార్మికులకు వీసాలు చాలావరకు ఆపేసింది. భారత పాస్‌పోర్ట్ ఉంటే దారి తెరుచుకుంటుంది. ఇక బోధన్‌లో ఇంటికొకరు గల్ఫ్‌లో ఉంటారు కాబట్టి ఇంకో పాస్‌పోర్ట్ అంటే ఎవరికీ అనుమానం రాదు. ఇది నా ఊహే అనుకోండి, కానీ మా ఊరి సంగతి నాకు తెలుసు. అంటే మా కాక ఏ లేబర్ క్యాంపులో మంచం కోసం పోయాడో, అట్లాంటి మంచం కోసమే వాళ్లూ మా ఊరి పేరు కొనుక్కున్నారు. కాకకి వీసా అమ్మినవాడూ, వాళ్లకి చిరునామా అమ్మినవాడూ ఒకే రకం మనిషి. బస్టాండ్ దగ్గర చిన్న గది, గోడకి మక్కా ఫొటోనో తిరుపతి ఫొటోనో, ఒక జిరాక్స్ మిషన్.

మరి మన పని తింటున్నారు అనే మాట? అది కూడా చూద్దాం. మా వైపు ఇప్పుడు చెరుకు పోయి అంతా వరి. జూలైలో మా ఊరికి రండి. నాట్లు వేసేవాళ్లలో బీహార్ వాళ్లు, పశ్చిమ బెంగాల్ వాళ్లు కనిపిస్తారు. తాడు కట్టినట్టు వరసగా, చాలా వేగంగా వేస్తారు. రైస్ మిల్లుల్లో బస్తాలు మోసేది కూడా ఎక్కువగా బీహార్ వాళ్లే. మా ఊరి కుర్రాళ్లు షార్జాలో ఉన్నారు కాబట్టి మా ఊరి పొలంలో ముర్షీదాబాద్ కుర్రాళ్లున్నారు. ఇది ఈ నేలకి కొత్త కాదు. 1931లో నిజాంసాగర్ పూర్తయ్యాక కృష్ణా, గుంటూరు వైపు నుంచి రైతులొచ్చి భూములు కొని స్థిరపడ్డారు. వర్ని, కోటగిరి, బోధన్ వైపు ఇప్పటికీ ఊరి పేరు చివర ‘క్యాంపు’ ఉంటే అది వాళ్లు వేసుకున్న ఊరే. చెరుకు కొట్టడానికి మహారాష్ట్ర నుంచి గుంపులు వచ్చేవి, ఎడ్లబండ్లతో సహా. మా ఇలాకాలో మూడు తరాలు వెనక్కి పోతే సగం ఇళ్లు ఎక్కడినుంచో వచ్చినవే.

పోయిన వానాకాలం మా బాపు పొలంలో నాట్లకి వచ్చిన బెంగాల్ గుంపును ఎవరో ఇద్దరు బైకు మీద వచ్చి ‘ఆధార్ చూపించుర్రి’ అన్నారు. వాళ్లు పోలీసులు కాదు. ఎవరో కూడా మాకు తెలియదు. బెంగాలీ మాట్లాడుతున్నారు కాబట్టి బంగ్లాదేశీలే అని వాళ్ల లెక్క. ఆ గుంపు మేస్త్రీ ప్లాస్టిక్ కవర్లోంచి పద్నాలుగు ఆధార్లు తీసి చూపించాడు. ఆ కవర్ ఆయన ఎప్పుడూ నడుముకి కట్టుకునే ఉంటాడట. 2025లో గురుగ్రామ్ లాంటి చోట్ల బెంగాలీ మాట్లాడే కూలీలను పట్టుకుపోయి రోజులకొద్దీ ఉంచారు. బంగ్లాదేశ్‌లోకి నెట్టేసిన కొందరు మన పౌరులే అని తేలి, వాళ్లను వెనక్కి తెచ్చుకోవాల్సి వచ్చింది కూడా. ఆ మేస్త్రీకి ఇవన్నీ తెలుసు. అందుకే కవర్. అది చూసినప్పుడు నాకు శంషాబాద్‌లో కాక చేతిలోని కవర్ గుర్తొచ్చింది.

మీరు ఇంజనీరింగ్ చేసినవాళ్లయితే ‘ఇదంతా కూలీల గోల, మనకేం సంబంధం’ అనుకోవచ్చు. 2011లో అమెరికాలో ట్రైవ్యాలీ యూనివర్సిటీ మూతపడ్డప్పుడు మన తెలుగు పిల్లల కాళ్లకి రేడియో పట్టీలు కట్టారు. 2019 జనవరిలో ఫార్మింగ్‌టన్ యూనివర్సిటీ సంగతి బయటపడింది. అది అసలు యూనివర్సిటీయే కాదు, అక్కడి అధికారులే వల వేసి పెట్టిన బోర్డు. క్లాసులు లేవు, సార్లు లేరు, ఫీజు కడితే పని చేసుకునే అనుమతి. మొదట్లో పట్టుకున్న 130 మంది విద్యార్థుల్లో 129 మంది భారతీయులు, అందులో ఎక్కువమంది మన తెలుగువాళ్లే. వాళ్లను అందులో చేర్పించి కమీషన్ తీసుకున్న ఏజెంట్లు ఎనిమిది మంది, వాళ్లూ మనవాళ్లే. ఆ వారం మన టీవీలన్నీ ‘మోసపోయిన మన పిల్లలు’ అన్నాయి. కొందరు నిజంగానే మోసపోయారు, కొందరికి తెలిసే పోయారు, అది మన హాస్టల్లో అందరికీ తెలుసు. నేనడిగేది వేరే. మనవాడు అయితే మోసపోయిన పిల్లవాడు. పక్కదేశం వాడు అయితే చొరబాటుదారు. ఇద్దరూ డబ్బు కట్టింది ఏజెంటుకే.

చట్టం విషయానికొస్తే మన దగ్గర పాత 1946 విదేశీయుల చట్టం పోయి కొత్త వలస, విదేశీయుల చట్టం 2025 సెప్టెంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. సరైన పాస్‌పోర్టు, వీసా లేకుండా దేశంలోకి వస్తే అయిదేళ్ల దాకా జైలు, అయిదు లక్షల దాకా జరిమానా. నకిలీ పాస్‌పోర్టు వాడినా, తయారు చేసి ఇచ్చినా రెండు నుంచి ఏడేళ్లు, పది లక్షల దాకా జరిమానా. గట్టి చట్టమే. నాకు కావాల్సింది ఆ ‘తయారు చేసి ఇచ్చినా’ అన్న రెండు మూడు మాటలు జిరాక్స్ మిషన్ గది దాకా రావడం. పాస్‌పోర్టు పట్టుకున్నవాడు ఎయిర్‌పోర్టులో ఎలాగూ దొరుకుతాడు, అతనికి మొహం ఉంది, భాష వేరు. అమ్మినవాడు మన భాషే మాట్లాడతాడు, పెళ్లిళ్లలో పక్క బంతిలో కూర్చుంటాడు.

ఇదంతా ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, ఆదివారం కాకకి ఫోన్ చేసినప్పుడు చివర్లో ఆయన ఇంకో సంగతి చెప్పాడు. మా తమ్ముడు, అంటే కాక కొడుకు, దుబాయ్ పోతానంటున్నాడట. ఏజెంటుకి అప్పుడే అరవై వేలు అడ్వాన్స్ ఇచ్చారట. చిన్నమ్మ గాజులు బ్యాంకులో పెట్టి.

శనివారం బస్సెక్కి ఊరెళ్లాను. వాడు నాకు ఫోన్లో వీసా చూపించాడు. అరవై రోజుల విజిట్ వీసా. ‘పోయినంక కంపెనీ వాళ్లు వర్క్ వీసాకి మారుస్తరట అన్నా’ అన్నాడు. జీతం పన్నెండు వందల దిర్హమ్‌లు అని ఏజెంట్ చెప్పాడట, నోటి మాట. ఆఫర్ లెటర్ లేదు, కాంట్రాక్ట్ లేదు. నేను కేంద్ర ప్రభుత్వం ఈ-మైగ్రేట్ సైట్ తెరిచి రిజిస్టర్డ్ ఏజెంట్ల లిస్టులో వాడి పేరు కొట్టాను. లేదు. స్పెల్లింగ్ మార్చి కొట్టాను. లేదు. లైసెన్స్ ఉన్న ఏజెంటు కూడా తన సర్వీసుకి ముప్పై వేలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు. వీడు అడిగింది తొంభై వేలు.

వాడికి కాగితం మీద లెక్క చేసి చూపించాను. అరవై రోజులు దాటాక రోజుకి యాభై దిర్హమ్‌లు ఫైన్. నెలకి పదిహేను వందలు. ‘నీ జీతం ఎంత అన్నవ్?’ అన్నాను. వాడు లెక్క చూసి కొంచెంసేపు మాట్లాడలేదు. తర్వాత ‘అందరూ గిట్లనే పోతున్నరన్నా, మా బ్యాచ్‌ల ముగ్గురు పోయిర్రు, స్టేటస్‌లు పెడుతున్నరు’ అన్నాడు. వాడు చెప్పేది కూడా నిజమే. ముగ్గురిలో ఒకడికి నిజంగానే వర్క్ వీసా అయింది. ఇద్దరి సంగతి వాళ్ల స్టేటస్‌లో తెలియదు.

ఇంకో చిక్కు ఉంది. వాడు ఇంటర్ పాస్. పదో తరగతి పాసైతే పాస్‌పోర్టు మీద ఈసీఆర్ ముద్ర పడదు, అంటే పోయేముందు ఇమిగ్రేషన్ క్లియరెన్స్ అక్కర్లేదు. చదువుకున్నవాడు తన సంగతి తను చూసుకుంటాడని చట్టం ధీమా. మా తమ్ముడు పరీక్షల్లో ఎట్లా పాసయ్యాడో నాకు తెలుసు కాబట్టి ఆ ధీమా నాకు లేదు.

కాక అప్పటిదాకా మంచం మీద కూర్చుని వింటున్నాడు. లేచి లోపలికి పోయి బీరువాలోంచి ఔట్‌పాస్ జిరాక్స్ తెచ్చి కొడుకు ముందు పెట్టాడు. ఫొటోలో ఆయన బుగ్గలు లోపలికి పోయి ఉన్నాయి. ‘దీని కోసం రెండు దినాలు లైన్ల నిలవడ్డ’ అన్నాడు. ‘నీకు రోడ్డు మీద పోలీస్ కారు కనవడ్డప్పుడల్లా చెప్పుల షాపులకు పోయి చెప్పులు బేరం చేసుడు వస్తదా? నేను రెండేండ్లు గదే చేసిన. ఒక్క జత కొనలే.’ తమ్ముడు నవ్వాడు. కాక నవ్వలేదు.

సోమవారం నేనూ కాకా కలిసి ఏజెంట్ దగ్గరికి పోయాం. రిజిస్ట్రేషన్ నంబర్ అడిగితే ‘నువ్వు హైదరాబాద్ పోరనివా’ అన్నాడు. చాలాసేపు మాట్లాడాక, కంప్లయింట్ మాట ఎత్తాక, అరవైలో ముప్పై అయిదు వేలు ఇచ్చాడు. మిగతావి వీసాకి ఖర్చయ్యాయట. మేం బయటికి వస్తుంటే లోపలికి ఇద్దరు కుర్రాళ్లు పోతున్నారు, చేతిలో కొత్త పాస్‌పోర్టులతో. నేను ఆగి వాళ్లకి చెప్పబోయాను. వాళ్లు వినలేదు, వాళ్ల వెనకాల వాళ్ల నాన్న ఉన్నాడు, ఆయన నన్ను కోపంగా చూశాడు.

తమ్ముడు ఇంకా పోనని అనలేదు. లైసెన్స్ ఉన్న ఏజెంట్ దొరికితే, కాంట్రాక్ట్ చేతికొస్తే పోతాడట. పోనీ, దానికి నేను అడ్డం రాను. వాడి పాస్‌పోర్టు మాత్రం చిన్నమ్మ బియ్యం డబ్బాలో దాచి మూత మీద రోలు బండ పెట్టింది. నాకు చెప్పకుండా తీస్తే చెయ్యి విరగ్గొడతానంది. కాక చాలా రోజుల తర్వాత గట్టిగా నవ్వి కొడుకుతో అన్నాడు: ‘నీకు కఫీల్ మీ అమ్మనేరా!’